శౌరి చరణం

విజయవాడ
నవంబర్ 10, 2025

అత్తా,

నిన్న ఫోన్‌లో నా మాట పూర్తి కాకముందే "ఏదైనా ఉంటే కాగితం మీద రాయి, ఫోన్ మాటకు సాక్ష్యం ఉండదు" అని పెట్టేశావు. సొంత మేనకోడలితో మాట్లాడటానికి కూడా సాక్ష్యం కావాలా నీకు! కోపం వచ్చింది కానీ రాస్తున్నాను. కాలేజీ లైబ్రరీలో ఈ పూట జనం లేరు.

విషయం తాతయ్య పాటలది. ఇక్కడ ఒక ఆడియో కంపెనీ వాళ్లు మన ఇమ్మానుయేల్ తాతయ్య రాసిన యేసు శ్రమల పాటలను పేరున్న గాయకులతో పాడించి, ఈస్టరుకు ముందు వచ్చే తపస్సు కాలానికి విడుదల చేస్తామంటున్నారు. దానికి వారసుల సంతకాలు కావాలి. తాతయ్యకి మిగిలిన వారసులం మనిద్దరమే. కూతురివి నువ్వు, కొడుకు కూతుర్ని నేను. నేను పెట్టేశాను. నీది కావాలి.

తొందర ఎందుకంటే, రాసినవాళ్లు పోయాక అరవై ఏళ్లే కాపీరైట్ ఉంటుంది. తాతయ్య పోయింది 1965లో. అంటే ఈ డిసెంబర్ 31తో మన హక్కు అయిపోతుంది. జనవరి ఒకటి నుంచి ఆ పాటలు ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు, పాడుకోవచ్చు, అమ్ముకోవచ్చు. మనల్ని అడగక్కర్లేదు. అయితే అరవైని ఎనభై చేయమని ఈ కంపెనీలాంటి వాళ్లు కొందరు ప్రభుత్వాన్ని అడుగుతున్నారట. ఈ ఏడాది పోయేలోపు ఆ మార్పు వస్తే మన హక్కు ఇంకో ఇరవై ఏళ్లు నిలుస్తుంది. దాన్ని సమర్థిస్తూ వారసులు రాసే అర్జీ ఒకటి, కంపెనీ ఒప్పందం ఒకటి, రెండూ ఇందులో పెట్టాను. పెన్సిల్‌తో గుర్తుపెట్టిన చోట సంతకం చేసి పంపు. నీ మోకాళ్ల నొప్పి ఎలా ఉంది?

వినీల


ముసునూరు
నవంబర్ 19

వినీలా,

నీ కాగితాలు అందాయి. సంతకం పెట్టలేదు. పెన్సిల్ గుర్తులు చెరిపేశాను కూడా.

ఆత్మల పండుగకి సమాధుల దగ్గరికి రావడానికి నీకు ఈ ఏడూ తీరలేదు. మీ తాతయ్యకీ మీ నాన్నకీ కొవ్వొత్తులు నేనొక్కదాన్నే వెలిగించాను. పది రోజులు తిరక్కుండానే తాతయ్య మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. అనుమానం వస్తే నా తప్పా చెప్పు?

నాలుగు సంగతులు అడుగుతాను. ఆ కంపెనీ వాళ్లకి మా నాన్న పాటలు ఎలా తెలిశాయి? డిసెంబర్ దాటితే ఊరికే వచ్చేదాని కోసం ఇప్పుడే సంతకాలెందుకు? పాట వాళ్లదైపోయాక మేం పాడుకుంటే ఏమంటారు? ఆ మూడోదానికి జవాబు నీ ఒప్పందంలో ఎక్కడుందో నాకు కనపడలేదు. కళ్లద్దాలు మార్చుకుని రెండుసార్లు చదివాను. "సర్వహక్కులూ" అన్న మాట మాత్రం పేజీకి రెండుసార్లు కనపడింది. ఇక నాలుగోది. ఇందులో నీకేంటి?

పాటకి గడువేంటమ్మా? మా నాన్న ఉపదేశిగా ఊరూరా తిరుగుతూ నేర్పిన పాటలవి. రెడ్డిగూడెం దాకా నడిచి వెళ్లి నేర్పేవాడు. అరవై అని ఎవరు పెట్టారో, ఎనభై అని ఎవరు అడుగుతున్నారో గానీ, ఆయన మాత్రం ఎవర్నీ ఆగమనలేదు.

మామిడి తోట దున్నించాను. మీ నాన్న చిక్కం గడ వసారా దూలాల మధ్య అలాగే ఉంది. కాయ కోతకి కూలీలు అడుగుతారు, ఇవ్వను. మోకాళ్లు బాగానే ఉన్నాయి.

మగ్దలేనమ్మ


విజయవాడ
డిసెంబర్ 2

అత్తా,

నీ ఉత్తరం చదివితే నేనేదో పొలం రాయించుకోవడానికి వచ్చినట్టుంది. ఇందులో నాకేంటని అడిగావు. తాతయ్య పేరు. అంతే.

నేను లైబ్రరీలో రోజూ చూస్తున్నాను. గడువు తీరిన పుస్తకాలను ఎవరు పడితే వాళ్లు అచ్చేస్తారు. అట్ట మీద రాసినవాళ్ల పేరు చిన్నగా, అచ్చేసినవాళ్ల పేరు పెద్దగా. కొన్నిటికి అసలు పేరే ఉండదు. తాతయ్య పాటలకీ అదే గతి పట్టకూడదు. ఒక కంపెనీ బాధ్యత తీసుకుంటే పేరు నిలబడుతుంది. మా లైబ్రరీలో 1958లో అచ్చయిన ఆయన పుస్తకం ఒక్క కాపీ ఉంది. ముట్టుకుంటే పొడి రాలుతోంది. నలభై పాటలూ ఉన్నాయి కానీ బాణీలు లేవు. బాణీ తెలిసినదానివి నువ్వొక్కదానివే మిగిలావు.

నవ్వుతావేమో, ఒకటి చెబుతాను. గడువు పెంచొద్దు, పుస్తకాలు చదువుకునేవాళ్లకి అందనివ్వండి అని మా లైబ్రేరియన్లందరం కలిసి ఒక అర్జీ రాశాం. దాని మీదా నా సంతకం ఉంది. వారసుల అర్జీ మీదా ఉంది. ఉద్యోగానికొకటి, ఇంటికొకటి.

ఆ పాటల బాణీలన్నీ నీకు ఇంకా గుర్తున్నాయా? ఈ మధ్య ఎవరికైనా పాడి వినిపించావా?

వినీల


ముసునూరు
డిసెంబర్ 27

వినీలా,

క్రిస్మస్ బాగా జరిగింది. నువ్వు పంపిన చీర రంగు నాకు నప్పదు, అయినా కట్టుకున్నాను.

రెండు అర్జీల మీదా సంతకం పెట్టానని గొప్పగా రాశావే, దాన్ని మా ఊళ్లో ఏమంటారో తెలుసా? వద్దులే, పండగ పూట.

మొన్న ఒకాయన వచ్చాడు. పేరు రత్నబాబు. బూందీ లడ్డూల డబ్బా తెచ్చాడు. మన గుడి విచారణ కింది ఊళ్లలో పిల్లలకి పాత పాటలు నేర్పాలని ఫాదర్ గారు అన్నారట, అందుకని నా చేత పాడించుకుని ఫోన్‌లో రికార్డు చేసుకుంటానన్నాడు. ఫాదర్ గారి పేరు అడిగితే కాస్త ఆలోచించి చెప్పాడు. చెప్పింది కిందటేడు బదిలీ అయిపోయిన ఫాదర్ పేరు. నాకు తెలిసినా, ఏం చేస్తాడో చూద్దామనుకున్నాను.

"మీరు పాడితే వినాలని మా ఇంట్లో వాళ్లంతా ఎదురుచూస్తున్నారండీ లేనమ్మగారూ" అన్నాడు.

పాడాను. నువ్వు తిట్టుకున్నా సరే, పాడమని అడిగితే నేను కాదనలేను. అది మా నాన్న నేర్పిన జబ్బు. చివరికి తల్లి పాట అడిగాడు. సిలువ కింద నిలబడ్డ మరియమ్మ పాట, నీకు గుర్తుండే ఉంటుంది. "మాను కింద నిలిచిన తల్లీ, మాట రాక నిలిచిన తల్లీ" అని. పుస్తకంలో దానికి మూడు చరణాలే. మిగతావన్నీ ఇంటి చరణాలు. తపస్సు కాలం శుక్రవారాల్లో పాట ఒక్కో ఇంటికి వెళ్తుంది కదా, ఆ ఇంట్లో పోయినవాళ్ల కోసం ఆ ఇంటివాళ్లే ఒక చరణం కట్టి కలుపుతారు. అది మా నాన్న పోయాక మొదలైన ఆచారం. ఇప్పుడు ఊళ్లో చావు జరిగిన ఇళ్లు ఎన్నో అన్ని చరణాలు. ఎవరి ఇంటి మనిషి పాడితే వాళ్ల చరణం కలవాల్సిందే. నేనూ మన ఇంటిది కలిపే పాడాను. అది లేకుండా ఆ పాట నా నోట రాదు. ఏది పుస్తకంలోదో ఏది కాదో అతను అడగలేదు, నేను చెప్పలేదు.

ఇప్పుడు సూటిగా అడుగుతున్నాను. ఈ రత్నబాబు నీకు తెలుసా?

మగ్దలేనమ్మ


విజయవాడ
జనవరి 8, 2026

అత్తా,

కొత్త సంవత్సరం శుభాకాంక్షలు. ఇక్కడ చలి బాగా ఉంది. అక్కడ పూత ఎలా ఉంది? మంచుకి నల్లబడుతోందని పేపర్లో రాశారు.

నీ సంతకం రాలేదు. ఎనభై ఏళ్ల సంగతి ఎటూ తేలలేదు. డిసెంబర్ 31 వెళ్లిపోయింది. తాతయ్య పాటలు ఇప్పుడు అందరివీ. కంపెనీ ఆయన ఫోన్ చేసి, "ఇక మీ సంతకాలతో పనిలేదండీ" అని నవ్వాడు. నవ్వినందుకు నాకు బాధేసింది. నువ్వు కోరుకున్నదే జరిగింది కదా, సంతోషంగా ఉండు.

మందులు వేళకి వేసుకో.

వినీల


ముసునూరు
ఫిబ్రవరి 12

వినీలా,

పూత గురించి అడిగావు, మందుల గురించి అడిగావు, చలి గురించి రాశావు. నేనడిగిన ఒక్కదానికి జవాబు లేదు.

అక్కర్లేదులే. అతను వసారాలో కూర్చున్నప్పుడే నాకు తెలుసు. ఊళ్లో అందరికీ నేను మగ్దలేనమ్మనే. లేనమ్మ అన్నది మీ నాన్న పిలిచిన పేరు. వాడు పోయాక ఆ పేరు తెలిసినదానివి నువ్వొక్కదానివే. నా ఇంటి దారి, నా పేరు, పాడమంటే కాదనననే నా బలహీనత, అన్నీ చెప్పి పంపావు. ఇంకా లడ్డూలు కూడా నీ సలహాయేనా?

నాకు కోపం లేదని అబద్ధం రాయను. చాలా ఉంది. నువ్వే వచ్చి ఎదురుగా కూర్చుని అడిగితే నలభై పాటలూ నీకే పాడేదాన్ని. మీ నాన్న పోయాక మీ అమ్మ నిన్ను తీసుకుని బెజవాడ వెళ్లిపోయినప్పుడు నీకు పధ్నాలుగేళ్లు. అప్పట్నుంచి ఒక్క తపస్సు కాలానికీ రాలేదు. నీకు నేర్పాల్సినవన్నీ నా దగ్గర అలాగే ఉండిపోయాయి. చివరికి వాటికోసం పరాయివాణ్ణి పంపావు.

ఈ ఏడు మన ఊరి బాలశౌరి శుక్రవారం పాటలన్నీ వీడియో తీసి మన గుడి ఛానెల్లో పెడతానంటున్నాడు. కువైట్‌లో ఇళ్లల్లో పనిచేస్తున్న వాళ్ల ఆవిడ జోజమ్మ అడిగిందట. కిందటేడు వాళ్ల పిల్లాడు జ్వరంతో పోయినప్పుడు ఆమె రాలేకపోయింది. ఈసారి ఆ ఇంటి చరణం వాడికోసం కడుతున్నారు. అక్కణ్ణుంచే వింటుంది.

విభూది బుధవారం ఈ నెల పద్దెనిమిది, తపస్సు కాలం ఆ రోజే మొదలు. చెప్పాల్సిన బాధ్యత ఉంది కాబట్టి చెప్పాను.

మగ్దలేనమ్మ


ముసునూరు
మార్చి 9

వినీలా,

నువ్వు రాయకపోయినా నేనే రాస్తున్నాను.

శుక్రవారం పాట బాలశౌరి ఇంటికి వెళ్లింది. పిల్లాడి చరణం పాడాం. రాత్రికి వీడియో పెట్టాడు. తెల్లారేసరికి లేదు. నీ కంపెనీ వాళ్లు "ఈ పాట మాది" అని ఫిర్యాదు చేశారట, తీసేశారట. జోజమ్మ పని ముగించుకుని చూద్దామనుకునేసరికి ఖాళీ తెర. బాలశౌరికి ఫోన్ చేసి ఒకటే ఏడుపు. "నా బిడ్డ పాటకి వాళ్లెవరండీ అడ్డం?" అని అడిగింది. అదే మాట నిన్ను అడుగుతున్నాను. నీ దగ్గర జవాబు ఉందా?

జనవరి నుంచి అందరివీ అన్నావు. అందరిలో మేం లేమా?

పవిత్ర శుక్రవారం నాడు పాట మన ఇంటికి వస్తుంది. అది కూడా పెట్టనివ్వరని బాలశౌరి భయపడుతున్నాడు. పాడొద్దని కూడా అంటారేమోనని కొందరు ఆడవాళ్లు గుసగుసలాడుతున్నారు. మా నాన్న పాట పాడటానికి ఈ ఊళ్లో జనం జంకడం నా కళ్లతో చూస్తాననుకోలేదు.

మగ్దలేనమ్మ


విజయవాడ
మార్చి 15

అత్తా,

బాణీల కోసం కంపెనీ మనిషి రత్నబాబుని నీ దగ్గరికి పంపింది నేనే. నీకు తెలిసిందే కాబట్టి దాని గురించి ఎక్కువ రాయను. విచారణ పిల్లల కోసమని అబద్ధం చెప్పమని మాత్రం నేను చెప్పలేదు. లడ్డూలు నా సలహానే.

నీ ఉత్తరం అందిన రోజు కంపెనీ విడుదల చేసిన పాటలు మొదటిసారి విన్నాను. విడుదలైనప్పటి నుంచి వాటి జోలికి పోలేదు, నవ్విన ఆ మనిషి మీద కోపంతో. లైబ్రరీలో తాతయ్య పుస్తకం ముందు పెట్టుకుని, ఒక్కో లైనూ సరిచూసుకుంటూ విన్నాను. తల్లి పాట వచ్చింది. మూడు చరణాలు పుస్తకంలోవే. తర్వాత నాలుగోది ఇలా ఉంది:

సిలువ మాను ఎక్కిన పుత్రుడు
మరి దిగి రాలేదు తల్లీ
చిక్కపు గడ చేతనే ఉన్నది
చిన్ని యేసు లేవడు తల్లీ

పుస్తకంలో లేదు. అదికాదు, సిలువ మీద చిక్కపు గడ ఎందుకుంటుంది అత్తా? చివర వల కట్టి మామిడికాయ కోసుకునే గడ అది. ఆ గాయకులకి తెలిసి ఉండదు, ఏదో పాత మాట అనుకుని వదిలేసి ఉంటారు. నాకు తెలుసు కదా. నేను దాని కింద బుట్ట పట్టుకుని నిలబడ్డదాన్ని.

వానకి తడిసిన గడ కరెంటు తీగకి తగిలిన రోజు నేను స్కూల్లో ఉన్నాను. నాన్నని చెట్టు మీద నుంచి దించాక, చేతిలోంచి గడ తియ్యడానికి ఇద్దరు పట్టాల్సొచ్చిందని ఎవరో అంటుంటే విన్నాను. ఆ మాట మళ్లీ ఇన్నాళ్లకి పాటలో వినపడింది. లైబ్రరీలో అందరి ముందూ ఏడ్చేశాను. ఊళ్లో ఇంటి చరణాలు ఉంటాయని తెలుసు. "మన ఇంటిది" అని నువ్వు రాసినా అది నాన్నకి కట్టిందని నాకు తట్టలేదు. ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

అసలు చరణం ఎలా ఉంటుందో రాసి పంపు. "చిన్ని యేసు" ఉన్నచోట ఎవరి పేరు ఉండాలో నాకు తెలుసు. పేరు నిలబెడతారని వాళ్ల చేతికిచ్చాను. వాళ్లు మొదట తీసేసింది మా నాన్న పేరే.

ఇక పని సంగతి. తాతయ్య మూడు చరణాలు ఇప్పుడు అందరివీ కాబట్టి ఊరివాళ్లని ఆపే హక్కు వాళ్లకి లేదు. పుస్తకంలో పేజీల ఫోటోలతో బాలశౌరి చేత అభ్యంతరం పెట్టించాను. నాలుగో చరణం రాసింది నువ్వు. నువ్వు బతికే ఉన్నావు. అంటే దాని మీద హక్కు నూటికి నూరు పాళ్లు నీది. అడక్కుండా వాడుకున్నది వాళ్లు. మా కాలేజీలో లా చెప్పే మేడంతో నోటీసు రాయించి పంపాను. నిన్న వాళ్లే ఫోన్ చేశారు. ఈసారి నవ్వలేదు. నువ్వు ఊ అంటే ఆ పాటల్ని మొత్తం తీయించేయగలం.

ఇందులో ఒక కాగితం ఉంది. ఆ చరణం నీదేనని నువ్వు రాసి ఇవ్వాలి. ఈసారి పెన్సిల్ గుర్తులు పెట్టలేదు. చదువుకుని, నీకు నమ్మకం కుదిరితేనే రాయి. వారసుల అర్జీ మీద నా సంతకం వెనక్కి తీసుకుంటున్నానని కూడా రాసేశాను. ఇక ఒక్క అర్జీ మీదే ఉన్నాను.

వినీల


ముసునూరు
మార్చి 25

వినీలమ్మా,

వీడియో మళ్లీ వచ్చింది. జోజమ్మ ఆ ఒక్క చరణమే మళ్లీ మళ్లీ పెట్టుకుని వింటోందట. ఆవిడ సెలవు అడిగింది, ఇవ్వలేదు. పాటైనా అందింది.

నీ కాగితం మూడుసార్లు చదివాను. ఎక్కడా "సర్వహక్కులూ" లేదు. రాసిచ్చాను. రచయిత పేరు అన్నచోట ఏం రాయాలో కాసేపు తోచలేదు. ఆ చరణం నేనేం కూర్చుని రాసింది కాదు. వాణ్ణి పాతిపెట్టాక వచ్చిన మొదటి తపస్సు కాలంలో, పాట మన వాకిట్లోకి వచ్చి ఆగితే నా నోట వచ్చింది. "మగ్దలేనమ్మ, శౌరి అక్క" అని రాశాను. ఆఫీసు కాగితం మీద అలా రాయకూడదంటే వాళ్లనే దిద్దుకోమను.

అసలు చరణం ఇది. నీ చేతి రాతతో ఇంకోచోట కూడా రాసి పెట్టుకో.

మామిడి మాను ఎక్కిన తమ్ముడు
మరి దిగి రాలేదు తల్లీ
చిక్కపు గడ చేతనే ఉన్నది
చిన్న శౌరి లేవడు తల్లీ

వాళ్ల పాటల్ని తీయించేయాలా అని అడిగావు. వద్దు. నాకు మనసొప్పలేదు. మా నాన్న ఎవర్నీ పాడొద్దనలేదు, నేనెలా అంటాను? పాడుకోమను. కానీ మామిడి మాను అని పాడాలి, చిన్న శౌరి అని పాడాలి. తమ్ముడు అన్నచోట తమ్ముడే ఉండాలి. మార్చి మళ్లీ పాడిస్తారో, ఆ చరణం తీసేస్తారో వాళ్లిష్టం. యేసు ప్రభువుకి మా నాన్న మూడు చరణాలు రాశాడు. ఆయనకి అవి చాలు. నాలుగోది నా తమ్ముడిది. ఈ సంగతి వాళ్ల చేత కాగితం మీద రాయించు. ఫోన్ మాట ఒప్పుకోను.

లా మేడం చెప్పిందంటూ నువ్వు కాగితం వెనకాల రాసింది చదివాను. ఈ నాలుగు లైన్లూ నేనున్నన్నాళ్లు నావి, నేను పోయాక అరవై ఏళ్లు నీవట. అంటే అన్నేళ్లూ ఎవడైనా మీ నాన్న పేరు తీసేసి పాడితే గల్లా పట్టుకుని అడిగే హక్కు నీకుంటుందన్నమాట. అలాగైతే వాళ్లు దాన్ని ఎనభై చేసినా నాకేం అభ్యంతరం లేదు. ఆ వారసుల అర్జీ నుంచి నువ్వు తొందరపడి తప్పుకున్నావేమో, మళ్లీ ఆలోచించు.

నువ్వు బస్సు దిగి కళ్లెదుట కనపడేదాకా నిన్ను పూర్తిగా నమ్మను. పిందె బాగా నిలిచింది. పవిత్ర శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి పాట మన వాకిట్లోకి వస్తుంది. మీ అమ్మ పోయి రెండేళ్లయింది, ఆవిడకి ఇంకా చరణం లేదు. అది నేను కట్టలేను, నువ్వే కట్టాలి. బాగా రాకపోయినా పర్లేదు, నేను పక్కనే ఉండి అందుకుంటాను.

లేనమ్మ